డిజిటల్ వైర్‌లెస్ వ్యవస్థల్లో రిమోట్ డెస్క్‌టాప్ కంట్రోలర్

కొండమీదో, టవర్ కిందో ఉన్న వైర్‌లెస్ స్టేషన్‌ను దూరాన కంట్రోల్ రూమ్‌లో కూర్చుని నడిపే బల్లమీది పరికరమే రిమోట్ డెస్క్‌టాప్ కంట్రోలర్. పోలీసు, అగ్నిమాపక దళం, మెట్రో రైలు, విమానాశ్రయం, ఓడరేవు, రిఫైనరీ వంటి చోట్ల దీన్ని వాడతారు. చూడటానికి ఆఫీసు టెలిఫోన్‌కు కాస్త పెద్దన్నలా ఉంటుంది: మెడ వంచుకునే మైకు, స్పీకరు, చిన్న తెర, మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే మీట. చేతులు ఖాళీ ఉండని ఆపరేటర్లకు కాలితో నొక్కే మీట కూడా ఇస్తారు. ఇదే పనిని డజన్ల కొద్దీ ఛానెళ్ల మీద కంప్యూటర్ తెరతో చేసేదాన్ని డిస్పాచ్ కన్సోల్ అంటారు. వాడుకలో రెండూ కన్సోలే.

వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేర సూటిగా పోతాయి కాబట్టి యాంటెన్నా ఎత్తున ఉండాలి. యాంటెన్నా నుంచి ఆఫీసు దాకా పొడవాటి కేబుల్ లాగితే సిగ్నల్ దారిలోనే నీరసించిపోతుంది. అందుకే వైర్‌లెస్ సెట్టును యాంటెన్నా దగ్గరే ఉంచి, మాటనూ మీటనూ మాత్రం తీగమీద ఆఫీసుకు తెచ్చుకున్నారు.

అనలాగ్ కాలంలో ఆ తీగ టెలిఫోన్ కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న ఒక జత రాగి తీగ. మొదట్లో దానిమీద కొన్ని మిల్లీయాంపియర్ల డీసీ కరెంటు పంపేవారు. కరెంటు ఎంత, ఏ దిశలో అన్నదాన్ని బట్టి అవతలి స్టేషన్ ట్రాన్స్‌మిట్ చేయడమో, ఛానెల్ మారడమో జరిగేది. టెలిఫోన్ లైన్ల మధ్యలో యాంప్లిఫయర్లు, క్యారియర్ పరికరాలు వచ్చిపడ్డాక డీసీ కరెంటుకు దారి మూసుకుపోయింది. మాట వెళ్లే దారిలోనే ఆదేశం కూడా వెళ్లాల్సి రావడంతో టోన్ రిమోట్ పుట్టింది. మీట నొక్కగానే 2175 హెర్ట్జ్ గార్డ్ టోన్ 120 మిల్లీసెకన్ల పాటు గట్టిగా మోగుతుంది. వెంటనే 40 మిల్లీసెకన్ల ఫంక్షన్ టోన్ వస్తుంది. అది 1950 హెర్ట్జ్ అయితే సాధారణంగా మొదటి ఛానెల్‌లో ట్రాన్స్‌మిట్ చేయమని అర్థం. ఆ తరువాత అదే 2175 హెర్ట్జ్ టోన్, మొదటికన్నా 30 డెసిబెల్స్ తక్కువలో, మాట అడుగున సాగుతూనే ఉంటుంది. అది ఆగితే ట్రాన్స్‌మిటర్ ఆగుతుంది. అవతల ఒక ఫిల్టర్ ఆ టోన్‌ను తీసేసి మాటను మాత్రం గాలిలోకి వదులుతుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నమ్మకంగా పనిచేసిన పద్ధతులు అరుదు.

డిజిటల్ వచ్చాక ఈ పద్ధతి చాలకుండా పోయింది. యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ 2005లో వెలువరించిన డీఎంఆర్ అనే డిజిటల్ ప్రమాణంలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను 30 మిల్లీసెకన్ల చొప్పున రెండు టైమ్ స్లాట్‌లుగా పంచుతారు. టెట్రా అనే మరో ప్రమాణంలో 25 కిలోహెర్ట్జ్ మీద నాలుగు స్లాట్‌లు ఉంటాయి. అమెరికాలో ప్రజాభద్రతా సంస్థలు పీ25 అనే ప్రమాణాన్ని వాడతాయి. వీటన్నిటిలో ప్రతి సెట్టుకూ ఒక నంబరు, ప్రతి బృందానికీ ఒక టాక్‌గ్రూప్ ఉంటాయి. ఫలానా నంబరు సెట్టును మాత్రమే పిలువు, ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరో చూపించు, పోయిన సెట్టును పనిచేయకుండా చేయి అన్నవి రెండు మూడు టోన్లతో చెప్పగలిగే సంగతులు కావు. అసలు మీట స్వభావమే మారింది. అనలాగ్‌లో అది ఆజ్ఞ. ఛానెళ్లను అందరూ పంచుకునే ట్రంకింగ్ నెట్‌వర్క్‌లో అది అర్జీ. ఛానెల్ ఖాళీ ఉంటే అనుమతి బీప్ వస్తుంది, లేకుంటే ఆగమంటుంది. బీప్ రాకముందే మాట్లాడేస్తే మొదటి మాట ఎగిరిపోయి, "మూడో నంబరు గేటు" కాస్తా "నంబరు గేటు"గా చేరుతుంది.

డిజిటల్ నెట్‌వర్క్‌కు కంట్రోలర్‌ను కలపడానికి రెండు దారులున్నాయి. చవకైన దారిలో వాహనాల్లో వాడే ఒక సెట్టును యాంటెన్నాతో సహా బిగించి, ఐపీ గేట్‌వే ద్వారా బల్లకు కలుపుతారు. నెట్‌వర్క్‌కు సంబంధించినంతవరకు అది కూడా మామూలు సెట్టే. ఒకసారికి ఒక్క సంభాషణే వినగలదు. రెండో దారి రిపీటర్‌తో లేదా నెట్‌వర్క్ సర్వర్‌తో నేరుగా ఐపీ మీద మాట్లాడటం. అప్పుడు రెండు స్లాట్‌ల మాటలూ ఒకే లింకు మీద అందుతాయి. ఇందుకోసం పీ25లో సీఎస్ఎస్ఐ, డీఎఫ్ఎస్ఐ అనే ప్రమాణాలు, డీఎంఆర్‌లో ఏఐఎస్ ఉన్నాయి. టెట్రాలో చాలావరకు తయారీదారుల సొంత ఇంటర్‌ఫేస్‌లే నడుస్తాయి. కన్సోల్ కొనేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

భద్రత విషయంలోనూ ఈ రెండు దారుల తేడా ముఖ్యం. గేట్‌వే దగ్గరే ఎన్‌క్రిప్షన్ విప్పేస్తే, అక్కడి నుంచి బల్ల దాకా ఆఫీసు నెట్‌వర్క్‌లో మాట బాహాటంగానే ప్రయాణిస్తుంది. వేరే రక్షణ పెట్టాలి, లేదా ఎన్‌క్రిప్షన్ తాళంచెవి కన్సోల్ దగ్గరే ఉండాలి.

డిజిటల్ విలువ అత్యవసర పిలుపులో బాగా తెలుస్తుంది. చేతిసెట్టు మీది నారింజ రంగు మీట నొక్కగానే కన్సోల్ మీద ఆ సెట్టు నంబరు ఎర్రబడి అలారం మోగుతుంది. జీపీఎస్ ఉంటే పటంలో చుక్క కనిపిస్తుంది. టెట్రాలో అయితే నెట్‌వర్క్ అవసరాన్ని బట్టి నడుస్తున్న మరో కాల్‌ను తెంచి మరీ దీనికి దారి ఇస్తుంది.

డిజిటల్‌కు ఒక చికాకు కూడా ఉంది: ఆలస్యం. డీఎంఆర్ వోకోడర్ మాటను సెకనుకు 2450 బిట్లకు కుదించడానికి కొంత సమయం పడుతుంది. ఐపీ లింకులో ప్యాకెట్ల హెచ్చుతగ్గులను సర్దే బఫర్ మరికొంత సమయం తింటుంది. పక్క కన్సోల్ స్పీకర్‌లో ఆపరేటర్ గొంతు కాస్త ఆలస్యంగా వినబడి మళ్లీ మైకులోకి దూరితే గది హోరెత్తిపోతుంది. అందుకే ఒకరు మాట్లాడేటప్పుడు అదే గదిలోని మిగతా స్పీకర్లను మూసేసే క్రాస్‌మ్యూట్ సదుపాయం పెడతారు.

ఐపీ కన్సోల్ ఎంత మంచిదైనా స్విచ్‌లు, రౌటర్లు, కరెంటు మీద ఆధారపడుతుంది. కాబట్టి కంట్రోల్ రూమ్ ఏర్పాటు చేసేవారు నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా సొంత యాంటెన్నా, సొంత బ్యాటరీతో నడిచే ఒక మామూలు సెట్టును పక్కన ఉంచాలి. నెలకొకసారైనా దానిమీద మాట్లాడి చూడాలి.