వాడపల్లి రథం మోకు

ఉద్యోగ విరమణ తరువాత మనలో చాలామందికి ఆత్మపరిశీలన మీద మనసు పోతుంది. ప్రవచనాలకు వెళతాం, ధ్యాన శిబిరాల్లో చేరతాం. మంచిదే. కాని మనిషికి తానెవరో తెలిసివచ్చే క్షణం చెప్పి రాదు. కోనసీమలోని వాడపల్లిలో అది రథం మోకు పట్టుకొన్న చోట వచ్చింది.

గౌతమి ఒడ్డున, ఆత్రేయపురం మండలంలో ఉన్న ఈ ఊరు నేడు వేంకటేశ్వరస్వామి పేరుమీద ప్రసిద్ధం. ఏడు శనివారాల మొక్కున్నవారు ప్రదక్షిణలు చేస్తూ ఉంటే శనివారంనాడు గుడి చుట్టూ కాలు పెట్టడానికి చోటుండదు. ఇదే ఊళ్లో 1931లో ఏం జరిగిందో వారిలో కొద్దిమందికే తెలుసు.

ఆ ఏడు మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కుదిరింది. శాసనోల్లంఘనం ఆగింది, సత్యాగ్రహులు జైళ్లనుంచి ఇళ్లకు వస్తున్నారు. అంతలో మార్చి 23న లాహోరులో భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖదేవ్‌లను ఉరితీశారు. సరిగ్గా వారానికి, మార్చి 30న, ప్రజోత్పత్తి నామ సంవత్సర చైత్రమాసంలో, వాడపల్లి స్వామివారి రథోత్సవం వచ్చింది.

తీర్థానికి వచ్చినవారు ఏటా వచ్చే జనమే. కొబ్బరికాయ కొట్టుకొని, రథం మోకు ఒకసారి పట్టి లాగి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలనుకొనేవారు. ఆ ఏడు రథానికి గాంధీగారి పటం, జాతీయ నాయకుల పటాలు కట్టారు. అందులో వింతేమీ లేదు; ఇష్టమైనవారి పటాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. పోలీసు అధికారి ముస్తఫా ఆలీఖాన్ వాటిని తీసివేయమన్నాడు. జనం తీయలేదు. పోలీసులు తుపాకులు పేల్చారు. నలుగురు చనిపోయారు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించాలి. ఉప్పు వండటానికి బయలుదేరిన సత్యాగ్రహి ఇంట్లో చెప్పి, జైలుకు సిద్ధపడే బయలుదేరాడు. వాడపల్లి వచ్చినవారు అలా రాలేదు. తీసేయమన్న మాటకు అక్కడికక్కడే, మోకు చేతిలో ఉండగానే, జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ జవాబు మాత్రం ఆ పూట పుట్టింది కాదని నా అభిప్రాయం. 1929 వేసవిలో గాంధీగారు ఖద్దరు నిధికోసం ఆంధ్రదేశం తిరిగారు. ఆయన్ను చూసినవారూ, చూసినవారు చెప్పగా విన్నవారూ ఊరూరా ఉన్నారు. రోజూ కాసేపు రాట్నం తిప్పిన చేయి, దీపాలవేళ అరుగుమీద ఎవరో పత్రిక చదువుతుంటే విన్న చెవి, వీటివల్లే లోపల ఏదో గట్టిపడింది.

ఉద్యోగం చేసిన మనకు ఈ కథలో రెండోవైపు మరింత గుచ్చుకుంటుంది. తుపాకి పట్టినవారూ జీతగాళ్లే, పైనుంచి వచ్చిన ఆజ్ఞ పాటించినవారే. అంతకు ఏడాది ముందు, 1930 ఏప్రిల్ 23న, పెషావరులో గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలకూ అలాంటి ఆజ్ఞే వచ్చింది. నిరాయుధుల మీద కాల్చబోమన్నారు. వారి హవల్దారు చంద్రసింగ్‌కు సైనిక న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. ఆయనకూ ఆ ఉదయం మామూలు డ్యూటీగానే మొదలై ఉంటుంది.

మన బల్లమీదికి వచ్చిన కాగితాలు అంత భయంకరమైనవి కావు. ఒక వితంతువు కుటుంబ పెన్షను ఫైలు, ఒక రైతు అర్జీ. 'రేపు రమ్మను' అనడానికీ 'కూర్చోమ్మా' అనడానికీ మధ్య ఉన్నది అరనిమిషం. మన సర్వీసంతా అటువంటి అరనిమిషాలే. రిటైరయ్యాక అవి ఆగిపోయాయా? బ్యాంకులో మన వెనక నిలబడ్డ ముసలామె ఫారం నింపిపెట్టమని అడిగినప్పుడు, కోడలు కాఫీ ఆలస్యంగా తెచ్చినప్పుడు మళ్లీ వస్తూనే ఉన్నాయి.

ఈసారి మొక్కుకు మనవల్ని వెంటబెట్టుకొని వాడపల్లి వెళితే, స్వామి కథతోపాటు 1931 నాటి రథం సంగతీ చెప్పండి. పూతరేకులకోసం ఆత్రేయపురంలో ఎలాగూ ఆగుతారు. పొట్లం కట్టించుకొని పరుగెత్తకుండా, రేకు తీసేచోట కాసేపు నిలబడండి. బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఆ అమ్మ వేడి కుండమీద ఒక్కసారి ఇలా పరిచి లాగుతుంది, కాగితంకన్నా పలుచని రేకు చేతికి వస్తుంది. పిల్లలు తప్పకుండా ఇంకోసారి చూపమంటారు.