రెడ్ కరంట్ జెల్లీ: ఆ సీసాలో చక్కెర ఎక్కడిది?

టైటిల్ చూసి ఇదేదో కరెంటు గురించి అనుకున్నారేమో, కాదండి. ఇది కరంట్. పొదకి గుత్తులు గుత్తులుగా వేలాడే ఎర్రటి చిన్న పండు. గాజుపూసలా మెరుస్తుంది, నోట్లో వేసుకుంటే పులుపుకి కళ్లు మూసుకుపోతాయి. అసలు కరంట్ అంటే గ్రీసులోని కొరింత్ ఊరి పేరుతో వచ్చిన చిన్న ఎండుద్రాక్ష. ఈ పండు కూడా చూడ్డానికి అలాగే ఉందని ఇంగ్లండు వాళ్లు దీనికీ అదే పేరు తగిలించేశారు.

జెల్లీ అనగానే మనకి బ్రెడ్డు గుర్తొస్తుంది. ఇంగ్లండు ఇళ్లల్లో మాత్రం దీన్ని మాంసం పక్కన వడ్డిస్తారు. 1747లో హానా గ్లాస్ అనే ఆవిడ వంటపుస్తకం వేసింది. వంటపని చేసే అమ్మాయిలకి కూడా అర్థమయ్యేలా రాయాలని ఆవిడ పట్టుదల. కాల్చిన జింక మాంసంలోకి కరంట్ జెల్లీ వేడి చేసి పెట్టమంటుంది అందులో. తర్వాత గొర్రె మాంసానికీ అదే జోడీ అయింది. కొవ్వు మాంసానికి పులుపు తగిలితే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చేయడం తేలికే. పండ్లు ఉడికించి, గుడ్డలో మూటగట్టి, రాత్రంతా వేలాడదీస్తారు. పిండకూడదు, పిండితే జెల్లీ మసకబారుతుంది. కారిన రసంలో చక్కెర వేసి మరిగిస్తారు. చల్లటి ప్లేటు మీద చుక్క వేసి, వేలితో నెడితే ముడత పడాలి. మనం అరిసెల పాకం నీళ్లలో వేసి చూస్తాం కదా, అలాంటిదే. ఈ పండులో పులుపూ, పెక్టిన్ అనే పదార్థమూ బాగా ఉంటాయి కాబట్టి విడిగా ఏమీ కలపకుండానే గడ్డకడుతుంది. కానీ మరీ మరిగిస్తే పెక్టిన్ విరిగిపోతుంది. ‘లిటిల్ విమెన్’ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, కొత్తగా పెళ్లైన మెగ్ ఈ జెల్లీ కోసమే రోజంతా పొయ్యి దగ్గర కష్టపడుతుంది. మళ్లీ మళ్లీ మరిగించినా అది గడ్డకట్టదు. చివరికి ఏడుపొక్కటే మిగులుతుంది. పాపం, ఆ మళ్లీ మళ్లీ మరిగించడమే కొంప ముంచి ఉంటుంది!

ఇప్పుడు అసలు సంగతి. రసం ఎంతో, చక్కెరా దాదాపు అంతే పడుతుంది. ఆ రోజుల్లో ఇంగ్లండుకి చక్కెర వచ్చేది కరీబియన్ దీవుల నుంచి. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు ఆ చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేసేవాళ్లు. 1791లో బానిస వ్యాపారాన్ని ఆపాలన్న బిల్లు పార్లమెంటులో ఓడిపోయింది. దాంతో జనం ఆ చక్కెర కొనడం మానేశారు. సుమారు 3 లక్షల మంది మానేశారని ఉద్యమ నాయకుడు క్లార్క్‌సన్ అంచనా. ఆడవాళ్లకి ఓటు లేదు. కానీ ఇంట్లోకి ఏ చక్కెర రావాలో చెప్పేది వాళ్లే. 1820లలో లెస్టర్ పట్టణంలో ఎలిజబెత్ హెరిక్ ఇంటింటికీ తిరిగి మరీ మాన్పించింది.

మరి చక్కెర లేకుండా ఎలా? కొందరు మన దేశం నుంచి వెళ్లే చక్కెర కొన్నారు. ఇది బానిసలు చేసింది కాదని గిన్నెల మీద రాయించుకుని టేబుల్ మీద పెట్టుకునేవాళ్లు. ఇక్కడ మాత్రం నాకు కాస్త నవ్వొస్తుంది. కంపెనీ పాలనలో మన దగ్గరా బానిసత్వం ఉంది. దాన్ని కోర్టులు గుర్తించకూడదని చట్టం వచ్చింది 1843లో!

1833 చట్టంతో కరీబియన్ బానిసలకి విడుదల దొరికింది. పరిహారం 2 కోట్ల పౌండ్లు. ఎవరికి? యజమానులకి. చెరకు నరికినవాళ్లకి ఒక్క పెన్నీ రాలేదు. 1874లో చక్కెర మీద సుంకం పూర్తిగా ఎత్తేశాక మామూలు ఇళ్లకీ చక్కెర అందుబాటులోకి వచ్చింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ సీసా మన వైపూ కనిపిస్తుంది. మద్రాసులో ఉన్న కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి, వైవర్న్ అనే కలంపేరుతో, 1878లో ఒక వంటపుస్తకం వేశాడు. కూరలో కాస్త తీపి, కాస్త పులుపు తగలాలంటాడు. దానికి ఇక్కడివాళ్లు చింతపండు, బెల్లం వేస్తారు, బదులుగా రెడ్ కరంట్ జెల్లీ కూడా వాడొచ్చు అని ఆయన సలహా. చింతచెట్ల నీడలో కూర్చుని ఆ మాట రాశాడు చూడండి!

ఇవాళ్టికి ఇంతే. ఉంటాను మరి.