వెన్మో

వెన్మో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వ్యక్తుల మధ్య సొమ్ము బదిలీకి వాడే మొబైలు యాప్. మిత్రులు కలిసి చేసిన ఖర్చును పంచుకొనుటకు, ఒకరి బాకీ మరొకరు తీర్చుకొనుటకు ఇది ముఖ్యంగా ఉపయోగపడుతుంది. ఆండ్రూ కోర్టినా, ఇక్రమ్ మాగ్డన్-ఇస్మాయిల్ అను ఇద్దరు మిత్రులు దీనిని 2009లో స్థాపించారు. ప్రస్తుతం ఇది పేపాల్ సంస్థకు చెందినది.

చరిత్ర

సంస్థాపకులిద్దరూ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలో ఒకే గదిలో ఉండేవారు. వారి తొలి ఆలోచన వేరు. సంగీత కచేరీకి వెళ్ళిన శ్రోత ఎస్సెమ్మెస్ పంపి, ఆ కచేరీ పాటలను కొనుక్కునే సదుపాయం కల్పించాలని వారు తలపెట్టారు. అమ్ముట అను అర్థం గల లాటిన్ పదం నుండి "వెన్", మొబైల్ అను పదం నుండి "మో" తీసుకొని ఈ పేరు పెట్టారు.

ఒక వారాంతంలో ఇక్రమ్ న్యూయార్కు వచ్చినపుడు పర్సు మరచిపోయాడు. ఖర్చులన్నీ కోర్టినా భరించాడు. తరువాత ఆ బాకీ తీర్చుటకు ఇక్రమ్ చెక్కు రాయవలసి వచ్చింది. చెక్కు రాయడం, దానిని బ్యాంకులో వేయడం రెండూ శ్రమే. ఇంత చిన్న పని ఫోనులోనే ఎందుకు జరగకూడదను ప్రశ్న నుండి నేటి వెన్మో రూపొందినది. మొదటి నమూనా ఎస్సెమ్మెస్ ద్వారానే పనిచేసింది.

2012లో బ్రెయిన్‌ట్రీ అను చెల్లింపుల సంస్థ వెన్మోను 2 కోట్ల 62 లక్షల డాలర్లకు కొనుగోలు చేసింది. మరుసటి సంవత్సరం పేపాల్ 80 కోట్ల డాలర్లకు బ్రెయిన్‌ట్రీని కొనడంతో వెన్మో కూడా పేపాల్ పరమైనది.

పనిచేయు విధానం

నలుగురు మిత్రుల భోజనానికి 80 డాలర్లు అయినదనుకుందాం. ఒకరు మొత్తం చెల్లించి, మిగిలిన ముగ్గురికి తలా 20 డాలర్ల అభ్యర్థన పంపుతారు. వారు అంగీకరించగానే ఆ సొమ్ము చెల్లించిన వ్యక్తి వెన్మో నిల్వలో కనిపిస్తుంది. అయితే నిల్వలో అంకె మారినంత మాత్రాన ఆ సొమ్ము అతని బ్యాంకు ఖాతాకు చేరినట్లు కాదు. అక్కడికి మార్చుకొనుటకు సాధారణంగా 1 నుండి 3 పనిదినాలు పడుతుంది. 2018 నుండి రుసుము చెల్లించి తక్షణ బదిలీ కోరవచ్చు. వెన్మో నిల్వ, బ్యాంకు ఖాతా లేదా డెబిట్ కార్డు నుండి మిత్రులకు పంపుటకు రుసుము లేదు. క్రెడిట్ కార్డు వాడితే 3 శాతం రుసుము ఉంటుంది.

ప్రతి చెల్లింపుకు అది దేనికోసమో ఒక చిన్న వ్యాఖ్య జతచేయాలి. ఈ వ్యాఖ్యలు, ఇచ్చినవారి, పుచ్చుకొన్నవారి పేర్లు ఇతరులకు కనిపించేలా యాప్‌ను రూపొందించారు. సొమ్ము ఎంత అన్నది మాత్రం కనిపించదు.

వివాదాలు

సొమ్ము జమ అయినదని, బ్యాంకుకు మార్చుకోవచ్చునని వెన్మో వాడుకరులకు తెలిపేది. కాని మోసపు లావాదేవీల పరిశీలన తరువాత జరిగేది. ఆ పరిశీలనలో కొన్ని బదిలీలు నిలిచిపోవడమో రద్దు కావడమో జరిగేది. ఆ సొమ్మును నమ్ముకొని అద్దె, బిల్లులు కట్టదలచినవారు చిక్కులలో పడ్డారు. ఈ విషయంతో పాటు గోప్యత గురించి కూడా వాడుకరులను తప్పుదోవ పట్టించారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఈ ఆరోపణలపై 2018లో రాజీ కుదిరినది.

అదే సంవత్సరం హాంగ్ డో థి డక్ అను పరిశోధకురాలు 2017లో జరిగిన 20 కోట్లకు పైగా బహిరంగ లావాదేవీలను సేకరించి పరిశీలించింది. పేర్లు, వ్యాఖ్యలు, తేదీలు కలిపి చూస్తే ఒక వ్యక్తి దినచర్య, అలవాట్లు, ప్రేమ వ్యవహారాలు సైతం ఊహించవచ్చునని ఆమె చూపింది. 2021 మేలో అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఖాతాను, ఆయన పరిచయస్తుల జాబితాను పాత్రికేయులు కొద్ది నిమిషాలలోనే కనుగొన్నారు. దీని తరువాత మిత్రుల జాబితాను దాచుకొనే వీలు కల్పించారు. ఆ సంవత్సరం జూలైలో అపరిచితుల లావాదేవీలను అందరికీ చూపే పట్టికను తొలగించారు.

ఇటువంటి యాప్‌లలో ఉంచిన నిల్వకు బ్యాంకు డిపాజిట్‌కు ఉండే బీమా అన్ని సందర్భాలలోనూ వర్తించదని అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2023లో హెచ్చరించింది.

ఇతర వ్యవస్థలతో పోలిక

2011లో ప్రారంభమైన స్ప్లిట్‌వైజ్ ప్రధానంగా లెక్కల పుస్తకం వంటిది. ఎవరు ఎవరికి ఎంత బాకీయో చూపి, బాకీలను సులభం చేస్తుంది. రాముడు సోముడికి 100, సోముడు భీముడికి 100 ఇవ్వవలసి ఉంటే, రాముడు నేరుగా భీముడికి 100 ఇస్తే రెండు బాకీలూ తీరుతాయి.

భారతదేశంలో 2016లో మొదలైన యూపీఐ ద్వారా సొమ్ము ఒక బ్యాంకు ఖాతా నుండి మరొక ఖాతాకు నేరుగా చేరుతుంది. మధ్యలో యాప్ నిల్వ అవసరం లేదు. వెన్మో సేవలు అమెరికాకే పరిమితం. అక్కడ చదువుకొనే తెలుగు విద్యార్థి గది అద్దెలో తన వాటాను దీని ద్వారా ఇవ్వవచ్చును గాని, స్వదేశంలోని ఇంటికి సొమ్ము పంపలేడు.

ఇవి కూడా చూడండి

పేపాల్
యూపీఐ
స్ప్లిట్‌వైజ్