శోళవరం చెరువు
తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో, చెన్నై నగరానికి వాయవ్యంగా ఉన్న మట్టికట్ట జలాశయం. కుశస్థలి నదిపై తామరైపాక్కం ఆనకట్ట వద్ద మళ్లించిన నీరు ఎగువ కాలువ ద్వారా ఇందులో చేరి, ఇక్కడి నుంచి పుళల్ చెరువుకు సాగుతుంది. నిల్వ సామర్థ్యం 1,081 మిలియన్ ఘనపుటడుగులు.

మట్టికట్టకు ముప్పు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది: కలుజు, అంటే మిగులు నీరు పొర్లిపోయే మార్గం, వరదకు చాలక నీరు కట్టమీదుగా దూకినప్పుడు గండి పడుతుంది, కట్టలోని ఊట సన్నని మట్టిరేణువులను మోసుకుపోతూ లోలోపల బుంగ చేసినప్పుడు, పైకి చెక్కుచెదరనట్లు కనిపించే కట్ట కూడా హఠాత్తుగా కుంగుతుంది. తూము చుట్టూ ఉన్న మట్టి, చెట్ల వేళ్లు, ఎలుకల బొరియలు ఈ రెండో ప్రమాదానికి నెలవులు.

ఇంతటి ప్రభుత్వ చెరువుకు కనీసం కాపలా, మరమ్మతు ఉంటాయి. విహారం కోసం ప్రైవేటు తోటల్లో కట్టుకునే చిన్న కట్టల సంగతి వేరు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన కట్టలకూ, కొన్ని షరతులతో 10–15 మీటర్ల కట్టలకూ మాత్రమే వర్తిస్తుంది. అమెరికాలో ఒక విహార క్లబ్బుకు చెందిన సౌత్‌ఫోర్క్ కట్ట, చేపలు పోకుండా కలుజుకు జాలీలు బిగించి ఉండగా, 1889 మే 31న తెగి, దిగువనున్న జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా ప్రాణాలు తీసింది.