ఇళ్ళ స్థలాల కింది సమాధులు: కార్వేటినగరం ప్రాంతంలో ముందస్తు తవ్వకాల ఆవశ్యకత

కార్వేటినగరం చరిత్ర అనగానే పరిశోధకుల దృష్టి సంస్థానాధీశుల మీద, వేణుగోపాలస్వామి ఆలయం మీద, స్కంద పుష్కరిణి మీద నిలుస్తుంది. ఇవన్నీ నేలపై కనబడే ఆధారాలు. నేలలోని ఆధారాల సంగతి వేరు. ఇదే చిత్తూరు జిల్లాలో, పలమనేరు ప్రాంతంలోని బాపనత్తం వద్ద ఉన్న బృహత్ శిలాయుగపు సమాధులను స్థానికులు పాండవుల గుళ్ళుగా వ్యవహరిస్తారు. రాతిపలకలు ఎత్తుగా నిలిచి ఉండటం వల్లనే అవి గుర్తింపు పొందాయి. రాళ్ళ వలయం తప్ప మరే గుర్తూ లేని సమాధులకు ఆ అదృష్టం లేదు. ఆ రాళ్ళను పునాదులకు తరలిస్తే, గోతిలో అస్థికలు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు ఉన్నాయని చెప్పే జాడ కూడా మిగలదు.

ఇటువంటి సమాధులు ఎక్కువగా సాగుకు పనికిరాని గరుసు నేలల్లో, గుట్టల పాదాల వద్ద కనిపిస్తాయి. మంచి భూమిని సేద్యానికే ఉంచుకోవడం ఇందుకు కారణం కావచ్చు. నేడు ఇళ్ళ స్థలాలకు ఎంపికయ్యేదీ తరచు అటువంటి బంజరే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ళ పట్టాల పంపిణీ 30 లక్షలకు పైగా లబ్ధిదారులను ఉద్దేశించినది. 2010లో సవరించిన 1958 నాటి కేంద్ర చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించి, ఆపైన 200 మీటర్లను నియంత్రిస్తుంది. ఇంకా గుర్తించని స్థలానికి ఆ రక్షణ వర్తించదు.

నాగార్జునకొండ అనుభవం దీనికి భిన్నం. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరగడానికి ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో తవ్వకాలు మొదలై 1960 వరకు సాగాయి. ఇక్ష్వాకుల విజయపురితో పాటు బృహత్ శిలాయుగపు సమాధులూ అక్కడ వెలుగుచూశాయి. లోయ మొత్తం ఒకేసారి మునుగుతుందన్న భయమే అంతటి కృషికి ప్రేరణ. ఇళ్ళ స్థలాల విషయంలో నష్టం ఎకరం ఎకరంగా జరుగుతుంది కనుక ఎవరినీ కలవరపెట్టదు.

పేదల ఇంటికీ పురావస్తువుకూ వైరం కల్పించనక్కరలేదు. ఇంగ్లండులో 1990 నుండి నిర్మాణ అనుమతికి ముందే పురావస్తు పరిశీలన ప్రణాళికలో భాగమైంది. ఫ్రాన్సు 2001లో ఇందుకు ప్రత్యేక చట్టమే చేసింది. ఇక్కడ ఆరంభానికి పెద్ద వ్యవస్థ కూడా అవసరం లేదు. రాబర్ట్ సూయెల్ 1882లో ప్రచురించిన మద్రాసు రాజధాని పురావశేషాల జాబితాలో, నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా వివరాలు గ్రామాలవారీగా ఉన్నాయి. వాటిని నేటి సర్వే నంబర్లతో సరిపోల్చి, అనుమానమున్న చోట ప్లాట్లు గీయకముందే రెండు మూడు పరీక్షా కందకాలు తవ్వవచ్చు. ఆ పని జరగవలసింది నేలను చదును చేసే యంత్రం రాకముందే.