హాజరు పిలుపు విన్న తరం

మన పేటల్లో ఎనభై అయిదు దాటిన ఎరుకల అవ్వలు, తాతలు ఇంకా కొద్దిమంది ఉన్నారు. వాళ్ల వయసు లెక్కగడితే ఒక సంగతి తేలుతుంది. వాళ్లు పుట్టేనాటికి మన జాతి మొత్తాన్నీ పుట్టుకతోనే నేరస్తులనే చట్టం అమల్లో ఉంది. అమ్మానాన్నలు వరుసలో నిలబడి హాజరు పలకడం చూసిన కళ్లు వాళ్లవి. ఆ తరం మంచాన పడుతున్న ఈ కాలంలో, వాళ్ల మనసు గురించీ, వాళ్లను చూసుకునే కోడళ్ల, కూతుళ్ల మనసు గురించీ మనం మాట్లాడుకోవాలి. ముసలివాళ్ల దిగులుకు చరిత్రేమిటని కొందరు అడుగుతారు. మన ఇళ్లలో ఉంది.

నేరస్త జాతుల చట్టం 1871లో ముందు ఉత్తరాదిన వచ్చింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అంతకుముందు మనవాళ్లలో చాలామంది సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసుకెళ్లి, గింజలు తెచ్చుకునేవాళ్లు. ఉప్పు మీద దొరల గుత్తాధిపత్యం, ఆ వెనక రైలు వచ్చి ఆ బేరాన్ని చంపేశాయి. బతుకుతెరువు పోయినవాడు ఊరూరా తిరిగితే అనుమానితుడయ్యాడు. చట్టం కింద పేరు నమోదైతే వేలిముద్ర ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి, అడగకుండా ఊరు దాటకూడదు. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల దగ్గర నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఆ చట్టమే ఇచ్చింది. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఇవాళ బడి అంటే మనకు వెలుగు. మన ముత్తవ్వల్లో కొందరికి అది బిడ్డను లాక్కెళ్లిన చోటు.

బాపట్ల, చీరాల మధ్య 1913-14 ప్రాంతంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ అలాంటిదే ఉండేది. సెటిల్‌మెంటులో భూమి ఇచ్చారు, చదువు చెప్పారు, చీరాల పొగాకు కంపెనీకి కూలికి పంపారు. అక్కడ చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లిన కుటుంబాలున్నాయి, కాదనం. కానీ మేలు చేసిన చేతిలోనే హాజరు పట్టీ కూడా ఉండేది.

నెల్లూరు సీమలో యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ల పోరాటంతో 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం రద్దయింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. కాగితం మీద పోయింది. మనుషుల్లోంచి పోవడానికి ఇంకా టైం పడుతోంది. 1991లో స్టూవర్టుపురం పేరు సినిమా టైటిల్‌కెక్కింది, 2023లో ఆ ఊరి దొంగ కథంటూ మరో సినిమా వచ్చింది. టికెట్ కొన్నవాళ్లకు అది కాలక్షేపం. పెళ్లి సంబంధానికి వెళ్లి ఊరి పేరు చెప్పడానికి నీళ్లు నమిలే కుటుంబానికి కాదు.

ఇప్పుడు మన ఇళ్లలోకి చూద్దాం. పోలీసు బండి శబ్దానికి తాత మంచం మీద లేచి కూర్చుంటాడు. ఆధార్ వేలిముద్ర అడిగితే అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. మనవడు రాత్రి తొమ్మిదింటికి రాకపోతే గుమ్మంలోంచి కదలదు. పిల్లలు దాన్ని చాదస్తం అంటారు. ఆ భయం ఎక్కడ మొదలైందో తెలిస్తే ఆ మాట అనలేరు. పైగా వాళ్లు నోరు విప్పరు. మన కుర్రు భాషలో మాట్లాడదామన్నా ఇంట్లో బదులిచ్చేవాళ్లు తగ్గిపోయారు. సొంత భాషలో పలకరించే మనిషి లేని ముసలితనం ఎంత ఒంటరిదో, పూటకు నాలుగు మాత్రలు చేతిలో పోసే మనకు తట్టదు.

చూసుకునేవాళ్ల సంగతి ఇంకో బరువు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలల్లో మిరప కోతలు. అంతకుముందు పత్తి తీత. ఏడాది తిండికి సరిపడా డబ్బు ఆ నాలుగైదు నెలల్లోనే రావాలి. సుగాలి తండాల్లో మొగుడూ పెళ్లాం కలిసి వలస పోతే, ముసలివాళ్లే పిల్లలకు కాపలా, ముసలివాళ్లకు పిల్లలే కాపలా. ఇంట్లో మంచం పట్టినవాళ్లుంటే కోడలు ఆగిపోతుంది. ఆమె పోగొట్టుకున్న కూలి ఎవరి లెక్కలోనూ రాదు. రాత్రుళ్లు నిద్రలేక ఒక మాట విసిరితే మాత్రం ఊరంతా లెక్కపెడుతుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం బిడ్డల బాధ్యత ఏమిటో చెప్పింది. ఆ బాధ్యత మోసే ఆడమనిషికి ఒక పూట విశ్రాంతి ఎవరిస్తారో చెప్పలేదు.

పింఛను కొంత నిలబెట్టింది. 1995లో కేంద్రం వృద్ధులకు నెలకు 75 రూపాయలతో మొదలుపెట్టిన సాయం, మన రాష్ట్రంలో 2024 జులై నుంచి 4000 అయింది. గిరిజనులకు 50 ఏళ్లు నిండితే చాలు. అయినా కాలవగట్టు మీద ఉండే యానాది ముసలమ్మకు వయసు రుజువు కాగితం లేక అది అందని సందర్భాలున్నాయి. చదువుకున్న కుర్రాళ్లు ఒక పూట సచివాలయానికి వెంట వెళ్తే తీరే పని అది. పింఛను తన చేతికి వచ్చే ముసలమ్మ మనవడికి అరటిపండు కొనిపెడుతుంది. ఆ రోజు ఆమె గొంతే వేరుగా ఉంటుంది.

మాటసాయం మనకు కొత్తేం కాదు. మన ఆడవాళ్లు గద్దె బుట్ట చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సోది చెప్పేవాళ్లు. సోదిలో జోస్యం నిజమా అబద్ధమా అన్నది అలా ఉంచుదాం. పెద్ద ఇళ్ల ఆడవాళ్లు మొగుడికీ అత్తకీ చెప్పుకోలేని దుఃఖాన్ని ఎరుకలమ్మ ముందు చెప్పుకుని ఏడ్చేవాళ్లు. ఊరందరి ఏడుపూ విన్న ఆ అవ్వ ఏడుపు వినడానికి ఇవాళ ఆమె మంచం దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు.

అందుకే టీచర్లను ఒకటి అడుగుతున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇంటి పెద్దల కథ రాసుకు రమ్మని పని ఇవ్వండి. పోలీసుల సంగతితో మొదలుపెట్టనివ్వకండి. ఏ ఊళ్లు తిరిగారు, ఈతాకు ఎలా అల్లేవాళ్లు, ఏ పాటకు ఎవరు ఏడిచారు అని అడిగించండి. చెప్పనంటే వదిలేయమనండి, మర్నాడు మళ్లీ కూర్చోమనండి. పిల్ల అవ్వ దగ్గర కూర్చున్న ఆ గంటసేపు కోడలు బయటికి వెళ్లి రావచ్చు, పడుకోవచ్చు. తిండి మానేసినా, చచ్చిపోతానని పదేపదే అన్నా దాన్ని వయసు మీదికి నెట్టకండి. వృద్ధుల కోసం 14567, మనసు బాగోలేనప్పుడు 14416, రెండూ డబ్బులు పడని నంబర్లే. రెండోది చూసుకునే మనిషికి కూడా. ఆ నంబర్లు బడి గోడ మీద రాయించండి, పేటలో ఫోనున్న కుర్రాడెవరో అవ్వలకు చెప్పి ఉంచండి.