అల్లిక గదిలో దొరకని మాట

ఫ్రాన్స్ దేశానికి తూర్పున అల్సాస్ ప్రాంతం ఉంది. అక్కడి వోజ్ కొండల్లో ఒక లోయ పేరు బాన్ ద ల రోష్. రాతి నేల, పొడవైన చలికాలం, సరైన దారుల్లేని చిన్న ఊళ్లు. 18వ శతాబ్దంలో అక్కడి జనం ఇళ్లలో మాట్లాడింది పుస్తకాల ఫ్రెంచి కాదు. ‘పత్వా’ అనే కొండ మాట. ఫ్రెంచికి చుట్టమే అయినా బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు. పత్వా అన్న పేరులోనే చిన్నచూపు ఉంది. చదువుకున్నవాళ్లు దాన్ని భాషగా లెక్కపెట్టలేదు. ఇది మనకు తెలియని కథ కాదు.

చర్చి అండతో నడిచిన తొలి పసిపిల్లల బడుల్లో ఒకటి ఆ లోయలోనే పుట్టింది. చరిత్రలో దానికి పాస్టర్ ఒబెర్లిన్ పేరు నిలిచింది. అయితే మొదలుపెట్టింది ఆయన కాదు, ఒక ఊరి పిల్ల.

జాన్ ఫ్రెడరిక్ ఒబెర్లిన్ 1767లో వాల్డర్స్‌బాక్ ఊరికి లూథరన్ పాస్టర్‌గా వచ్చాడు. ఆ దగ్గరి బెల్మోన్ ఊళ్లో సారా బాంజే అనే అమ్మాయి అప్పటికే పిల్లల్ని తన ఇంట్లో కూర్చోబెట్టుకుని ఉన్నితో అల్లడం నేర్పుతోంది. ఆమెకు అప్పుడు 22 ఏళ్లు. పని పాడుచేసుకుంటోందని తండ్రికి ఇష్టం లేదు. సంగతి విన్న ఒబెర్లిన్ తండ్రిని ఒప్పించి, 1769లో ఆమెకు జీతం ఏర్పాటు చేశాడు. తర్వాత లోయలోని మిగతా ఊళ్లలోనూ ఇలాంటి గదులు తెరిచారు. చలికి వెచ్చగా పొయ్యి ఉండే గది కాబట్టి వాటిని ‘అల్లిక పొయ్యి గదులు’ అన్నారు. నడిపినవాళ్లు ఆ ఊళ్ల ఆడపిల్లలే.

రెండు మూడేళ్ల పసివాళ్లు ఆడుకునేవారు. కాస్త పెద్దవాళ్లు అల్లేవారు. చేతులు అలసిపోతే రంగు బొమ్మలు చూపించి బైబిలు కథలు, జంతువుల సంగతులు చెప్పేవారు. పాటలు పాడించేవారు. పటం ముందు పెట్టి మొదట తమ లోయను, తర్వాత దేశాన్ని చూపించేవారు. ఎండాకాలం కొండల్లోకి తీసుకెళ్లి మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పేవారు. ఫ్రోబెల్ జర్మనీలో కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టింది 1840లో. దానికి 70 ఏళ్ల ముందే ఈ కొండ పిల్లలు ఆడుతూ నేర్చుకున్నారు.

సారా 1774లో, ముప్పై ఏళ్లు నిండకుండానే చనిపోయింది. బెల్‌ఫోస్ ఊరి లూయీజ్ షెప్లర్ పదిహేనేళ్ల వయసులో పాస్టర్ ఇంట్లో పనికి చేరి, ఆ బడుల కోసం బతుకంతా పెట్టింది. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమెకు 5,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. సారా పేరు మాత్రం చాలాకాలం వెనకే ఉండిపోయింది.

ఇంతవరకు మెచ్చుకోవలసిందే. రెండో సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లల చేత పత్వా మాన్పించి ఫ్రెంచి పలికించడం ఆ బడుల ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. దానివల్ల వాళ్లకు బయటి ప్రపంచంలో దారి దొరికింది, నిజమే. ఇంటి మాట మాత్రం బడి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పాస్టర్ అన్న జెరెమీ జాక్ ఒబెర్లిన్ పండితుడు. ఆయన 1775లో ఆ ప్రాంతపు పత్వా మీద పుస్తకం అచ్చువేశాడు. తమ్ముడి బడిలో పిల్లల నోటికి దూరమవుతున్న మాట, అన్న పుస్తకంలో భద్రంగా చేరింది. 1881లో ఫ్రాన్స్ తన పసిపిల్లల బడులకు ‘తల్లి బడి’ అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ బడుల్లో బోధన మాత్రం ఫ్రెంచిలోనే సాగింది. ఎందరో పిల్లలకు అది తల్లి మాట కాదు.

మన వైపు ఇంకో దారి చూపినవాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నాడు. 1931లో వచ్చిన ఆయన సవర వ్యాకరణం పండితుల కోసం. అంతకు చాలా ముందే సవర పిల్లల కోసం వాళ్ల భాషలో వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. ఆయన మాటను పుస్తకంలోకి ఎక్కించడంతో ఆగలేదు, మళ్లీ పిల్లల దగ్గరికి తీసుకెళ్లాడు.

ఇవాళ మన గూడేల్లో పసిపిల్లలకు అంగన్‌వాడీలు ఉన్నాయి. కొన్నిచోట్ల చర్చిలు నడిపే బాలబడులూ ఉన్నాయి. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో, పనులతో నేర్పాలని, వీలైనంతవరకు తల్లి భాషలో చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ఒకేచోట అంటుంది. మూడేళ్ల బిడ్డకు ఆ అవసరం ఇంకా ఎక్కువ. చింతగింజలు పరిచి లెక్క నేర్పితే సరిపోదు. ఆ లెక్క కోయలోనో, సవరలోనో, కొలామీలోనో వినబడాలి. అందుకు సారాలాంటి ఊరి పిల్లే టీచరుగా ఉండాలి.

రాసేవాళ్లం మనం కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పుస్తకమూ తెలుగులోనే వస్తోంది. మన ఆటలు, పొడుపు కథలు, జోలపాటలు సేకరించి ఇక్కడ అచ్చువేసి ఊరుకుంటే ఆ పండితుడైన అన్న చేసిన పనే మనమూ చేసినట్టు. సేకరించిన ప్రతి పాటనూ ముందు మన గూడెం అంగన్‌వాడీకి తీసుకెళ్లి పిల్లల చేత పాడిద్దాం. అచ్చు ఆ తర్వాత.